యుద్ధ మృతుల సంస్మరణ సభలో ఎవరి పేర్లు చదవాలి?

కాగితం_పడవ
సెప్టెంబరు 21, అంతర్జాతీయ శాంతి దినం నాడు మా చదువరుల బృందం యుద్ధాల్లో చనిపోయినవాళ్ళ కోసం ఒక చిన్న సభ పెడుతుంది. పోయినసారి కొవ్వొత్తులు వెలిగించారు, రెండు నిమిషాలు మౌనం పాటించారు. అక్కడిదాకా బాగానే ఉంది. ఆ తర్వాత ముఖ్య అతిథి లేచి ముప్పావుగంట సేపు మన వీరులు, వాళ్ళ దెబ్బకు తోకముడిచిన శత్రువులు అంటూ దంచేశారు. ఒక కుర్రాడు శత్రువు తలలు నరికే పద్యమొకటి చదివితే హాలంతా చప్పట్లు. మనం పోయినవాళ్ళను తలుచుకుంటున్నామా, వచ్చే యుద్ధానికి కుర్రాళ్ళను తయారు చేస్తున్నామా అని అనుమానం వచ్చింది నాకు.

ఈసారి నిర్వహణ నా నెత్తిన పడింది. ప్రసంగాలు వద్దు, పేర్లు చదువుదాం అన్నాను. అంతే, కమిటీలో గొడవ. ఒకరు సైనికుల పేర్లే చదవాలంటారు. ఇంకొకరు సైనికులు వద్దు, మామూలు జనం చాలంటారు. మూడో ఆయన శత్రుదేశం వాళ్ళ పేరు ఒక్కటి వినిపించినా లేచి వెళ్ళిపోతానని ముందే చెప్పేశారు. ఎవరి పేర్లు చదవాలి? అసలు ఇలాంటి సభ సరిగ్గా జరగడం ఎవరైనా చూశారా?

తోకచుక్క
ముఖ్య అతిథిని తీసేస్తే సగం శాంతి వచ్చేసినట్టే. మిగతా సగం సంగతి పెద్దలు చెప్తారు.

చరిత్ర_పిచ్చోడు
మీ కమిటీ గొడవ వందేళ్ళ నాటిది, కంగారు పడకండి. మొదటి ప్రపంచ యుద్ధం 1918 నవంబరు 11న ఆగింది. ఆ మరుసటి ఏడాదే బ్రిటన్‌లో రెండు నిమిషాల మౌనం మొదలైంది, 1921లో చనిపోయిన సైనికుల గుర్తుగా ఎర్ర గసగసాల పువ్వు పెట్టుకోవడం మొదలైంది. 1933 వచ్చేసరికి అక్కడి మహిళా సహకార సంఘం వాళ్ళు తెల్ల పువ్వులు తయారు చేశారు. ఎర్ర పువ్వు చుట్టూ సైనిక ఆర్భాటం పెరిగిపోతోందని వాళ్ళ బాధ. అన్ని దేశాల మృతులనూ తలుచుకోవాలి, ఇంకో యుద్ధం వద్దని గట్టిగా అనాలి అన్నారు. ఆ ఆడవాళ్ళలో భర్తలను, కొడుకులను పోగొట్టుకున్నవాళ్ళు చాలామంది. అయినా మృతవీరులను అవమానిస్తున్నారని వాళ్ళనే తిట్టారు. ఇప్పటికీ ప్రతి నవంబరులో ఆ తగువు నడుస్తూనే ఉంటుంది.

సిపాయి_మనవడు
ఎక్కడికి వెళ్తోందో అర్థమవుతోంది కాబట్టి ముందే అడ్డం పడుతున్నా. మా తాతగారి అన్న రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా వెళ్ళాడు. తిరిగి రాలేదు, శవం కూడా దొరకలేదు. రంగూన్ దగ్గర తౌక్యాన్ శ్మశానంలో సమాధి లేని సైనికుల కోసం కట్టిన స్తంభాల మీద దాదాపు 27,000 పేర్లు ఉన్నాయి. అందులో ఆయనది ఒకటి. మా ఇంట్లో ఆయన ఫోటో కూడా లేదు. ఆ పేరొక్కటే ఆయన ఉన్నాడనడానికి సాక్ష్యం.

సైనికుల పేర్లు వద్దు అనే కమిటీ మెంబరు గారిని నా తరఫున అడగండి, పద్దెనిమిదేళ్ళకు జీతం కోసం చేరి, ఎందుకో తెలియని యుద్ధంలో, తనది కాని ప్రభుత్వం కోసం చచ్చినవాడు బాధితుడు కాడా?

కాగితం_పడవ
సిపాయి_మనవడు గారూ, ఆయన్ను నేను తీసెయ్యమనలేదండీ. ఇంకెవరిని చేర్చాలన్నదే నా గోల.

అనుమానపు_పక్షి
గోడల మీద పేర్ల గురించి నాకో పేచీ ఉంది. వాషింగ్టన్‌లో వియత్నాం యుద్ధం గోడ. 58,000కు పైగా పేర్లు, అన్నీ అమెరికన్లవే. యుద్ధంలో మామూలు జనం, పోరాడినవాళ్ళు కలిపి సుమారు 30 లక్షలమంది పోయారని వియత్నాం ప్రభుత్వం 1995లో లెక్క చెప్పింది. అదే గోడ మీద వాళ్ళ పేర్లు కూడా చెక్కితే ఎంత పొడుగవుతుందో వేసి చూడండి. అక్కడికొచ్చి ఏడ్చి వెళ్ళే జనానికి ఆ మిగతా గోడ ఎప్పటికీ కనబడదు. కన్నీళ్ళు నిజమైనవే, కాదనను. అయితే ఆ యుద్ధంలో జరిగిందంతా తమకే జరిగింది అనుకుని ఇంటికి పోతారు. అది శాంతికి పనికొస్తుందా?

సిపాయి_మనవడు
వాళ్ళ గోడ వాళ్ళ పిల్లల కోసం కట్టుకున్నారు. కొడుకు పోయిన తల్లి దగ్గరికెళ్ళి ముందు అవతలి తల్లి కోసం ఏడువు, తర్వాత నీ కొడుకు సంగతి చూద్దాం అనగలరా మీరు?

అనుమానపు_పక్షి
తల్లిని అనను. ప్రభుత్వాన్ని అంటాను. గోడకు స్థలం ఇచ్చింది ప్రభుత్వం.

చరిత్ర_పిచ్చోడు
ఇద్దరూ ఆగండి. ఆ గోడను అంత తేలిగ్గా తీసెయ్యడానికి లేదు. 1982లో కట్టారు. నమూనా గీసిన మాయా లిన్ పోటీలో గెలిచేనాటికి 21 ఏళ్ళ విద్యార్థిని. గుర్రం మీద సేనాపతి లేడు, గెలుపు మాట లేదు, నల్లరాయి మీద పేర్లు మాత్రమే. హోదాల ప్రకారం కూడా పెట్టలేదు, ప్రాణం పోయిన తేదీల వరుసలో పెట్టింది. ఒకే రోజు ఒకే చోట పోయినవాళ్ళు పక్కపక్కన ఉంటారు. మొదట్లో మాజీ సైనికులే కొందరు మండిపడ్డారు, ఇదేం నల్లటి గాయం, మమ్మల్ని సిగ్గుపడమంటున్నారా అని. వాళ్ళను చల్లార్చడానికి 1984లో పక్కనే ముగ్గురు సైనికుల విగ్రహం పెట్టాల్సి వచ్చింది. ఇప్పుడు జనం ఎక్కువగా నిలబడేది ఆ గోడ దగ్గరే.

ఇక రెండు పక్షాల పేర్లూ ఉన్నవి కావాలంటే రెండు చెప్తా. ఒకటి జపాన్‌లో ఒకినావా దీవి. 1945 ఏప్రిల్ నుంచి జూన్ వరకు అక్కడ ఘోరమైన పోరు జరిగింది. యాభయ్యో ఏట, అంటే 1995లో, మబునీ అనే చోట శిలాఫలకాలు నిలబెట్టి పోయినవాళ్ళందరి పేర్లూ చెక్కారు. 2,40,000 దాటాయి. దాదాపు లక్షన్నర మంది ఒకినావా వాళ్ళే. మిగతావాళ్ళలో జపాన్ సైనికులున్నారు, 14,000 మంది అమెరికన్లున్నారు, కొరియా, తైవాన్ వాళ్ళు కూడా ఉన్నారు. కొత్తగా తెలిసినవాళ్ళ పేర్లు ఏటా కలుపుతారు. రెండోది ఫ్రాన్స్‌లో, అరాస్ పట్టణానికి దగ్గరలో. 2014లో కట్టిన పెద్ద వలయం, మొదటి ప్రపంచ యుద్ధంలో ఆ ప్రాంతంలో పోయిన దాదాపు 5,80,000 మంది సైనికుల పేర్లు లోపల ఉన్నాయి. దేశం లేదు, హోదా లేదు, అక్షర క్రమమే. జర్మన్ పేరు పక్కన ఫ్రెంచి పేరు, దాని కింద బ్రిటిష్ పేరు. సింగ్‌లైతే వరుసకట్టి ఉంటారు.

ఎర్రమట్టి
అక్షర క్రమం ఐడియా సూపర్. హాజరు పట్టీలో శత్రువెవరో తెలియదు.

అనుమానపు_పక్షి
చరిత్ర_పిచ్చోడు గారు ఒకినావా గురించి సగమే చెప్పారు. ఆ రాళ్ళ మీద ఆజ్ఞలిచ్చినవాళ్ళు, ఆ ఆజ్ఞలకు బలైనవాళ్ళు ఒకే వరసలో ఉంటారు. అక్కడ జపాన్ సైన్యమే స్థానికులను గూఢచారులని చంపింది, గుహల్లోంచి తరిమింది, లొంగిపోకుండా చచ్చిపొమ్మని చేతికి గ్రెనేడ్లిచ్చింది. అందుకే కొన్ని కొరియా కుటుంబాలు మా వాళ్ళ పేరు ఆ రాయి మీద వద్దే వద్దన్నాయి. మావాణ్ణి బలవంతంగా లాక్కొచ్చిన జపాన్ సైన్యం వాళ్ళ పక్కన మావాడు ఎందుకుండాలి అని. చనిపోయిన కొరియన్లు వేలల్లో ఉంటే చెక్కిన పేర్లు వందల్లోనే.

బెర్లిన్‌లో నోయె వాఖె అనే పాత కాపలా భవనం ఉంది. 1993లో దాన్ని యుద్ధానికి, నిరంకుశత్వానికి బలైన అందరి స్మారకం చేశారు. అప్పుడూ ఇదే విమర్శ. గ్యాస్ గదిలో పోయినవాడూ, ఆ గదికి కాపలా కాసి తర్వాత బాంబు దాడిలో పోయినవాడూ ఒకే బాధితుల కింద వస్తారా?

సిపాయి_మనవడు
చూశారా. అందరినీ కలపమన్నది మీరే, కలిపితే తప్పంటున్నదీ మీరే.

అనుమానపు_పక్షి
కలపమన్నా. కలిపి ఏం జరిగిందో చెప్పొద్దని అనలేదు. పేరు చదివినప్పుడు ఎలా పోయాడో, ఎవరి చేతిలో పోయాడో ఒక వాక్యం చెప్పాలి. అది లేకపోతే యుద్ధం తుఫాను లాగా దానంతట అదే వచ్చి పోయినట్టుంటుంది.

కాగితం_పడవ
ఈ ఒక వాక్యం సంగతి రాసుకున్నా. పనికొస్తుంది.

రాత్రి_డ్యూటీ
నర్సుగా ఒక మాట. యుద్ధ మృతి అనేది ఏ తేదీతో ఆగిపోతుంది? మీ జాబితాలో అది తేల్చుకోండి ముందు. హిరోషిమా మీద 1945 ఆగస్టు 6న బాంబు వేశారు. సదాకో ససాకికి అప్పుడు రెండేళ్ళు. దెబ్బ కూడా తగల్లేదు. బాగానే పెరిగింది, పరుగుపందేల్లో చురుకైన పిల్ల. 1955లో పన్నెండేళ్ళ వయసులో ల్యుకేమియా అనే రక్త క్యాన్సర్‌తో పోయింది. యుద్ధం ముగిసిన పదేళ్ళకు.

లావోస్ సంగతి చూడండి. 1964 నుంచి 1973 వరకు అమెరికా ఆ చిన్న దేశం మీద 20 లక్షల టన్నులకు పైగా బాంబులు వేసింది. వాటిలో క్లస్టర్ బాంబుల్లోని చిన్న గుండ్లే సుమారు 27 కోట్లు. మూడోవంతు దాకా పేలలేదు, భూమిలో ఉండిపోయాయి. బంతి సైజులో ఉంటాయి, పిల్లలు ఆడుకోవడానికి తీస్తారు, రైతు గునపం తగులుతుంది. యుద్ధం అయిపోయాక చచ్చినవాళ్ళు, కాళ్ళూ చేతులూ పోయినవాళ్ళు 20,000 పైనే. ఏ గోడ మీద రాస్తారు వీళ్ళను?

తోకచుక్క
సదాకో ఆసుపత్రిలో మడిచిన కాగితపు కొంగల గురించి ఎవరో ఒకరు చెప్పేలోపు నేనే చెప్పేస్తా. మా పిల్లల బడిలో శాంతి కోసమని కొంగలు మడిచే పోటీ పెట్టారు. ఫస్ట్ ప్రైజ్, సెకండ్ ప్రైజ్. నా చిట్టితల్లి కొంగ ముక్కు పక్క పిల్ల కావాలని నలిపేసిందట. ఇంటికొచ్చి ఆ పిల్లతో జన్మలో మాట్లాడనని ప్రకటించింది.

ఎర్రమట్టి
చర్చలు జరిపించారా మరి?

తోకచుక్క
ఐస్‌క్రీం మధ్యవర్తిత్వంతో కాల్పుల విరమణ కుదిరింది.

చరిత్ర_పిచ్చోడు
రాత్రి_డ్యూటీ గారి మాటకు కొనసాగింపు. తూటా తగలకుండా పోయినవాళ్ళు అన్నిటికన్నా తేలిగ్గా జారిపోతారు. 1943 బెంగాల్ కరువు యుద్ధపు చావే. బర్మా జపాన్ చేతికి పోయి అక్కడి బియ్యం ఆగింది. జపాన్ వాళ్ళకు దొరకకూడదని తీరప్రాంతంలో పడవలు లాక్కున్నారు, ధాన్యం తరలించారు. సైన్యానికి, యుద్ధ పరిశ్రమలకు ముందు తిండి పెట్టారు, ధరలు ఆకాశానికి పోయాయి. 20 నుంచి 30 లక్షలమంది పోయారని అంచనాలు. రెండో ప్రపంచ యుద్ధంలో పోరాడి చనిపోయిన భారత సైనికులు సుమారు 87,000. ఆ సైనికులకు కోహిమా నుంచి ఇటలీ దాకా సమాధులు, పేర్లు ఉన్నాయి. ఉండాలి కూడా. ఈ లక్షలమందికి ఒక్క పేరు చెక్కిన రాయి చూపించమంటే చూపించలేం.

సిపాయి_మనవడు
ఇది ఒప్పుకుంటా. దీని మీద వాదన లేదు.

లెక్కల_టీచరమ్మ
లెక్కల టీచర్ని అయ్యుండి చెప్తున్నా, అంకెలు తగ్గించండి. 30 లక్షలు అన్నా 3 లక్షలు అన్నా పిల్లల మొహంలో తేడా ఉండదు. మా తరగతిలో నేను చేసింది చెప్తా. మొదటి ప్రపంచ యుద్ధంలో జెనీవాలో రెడ్‌క్రాస్ వాళ్ళు యుద్ధఖైదీల కోసం ఒక ఏజెన్సీ నడిపారు. ఎవరు ఎక్కడ పట్టుబడ్డారు, ఎవరు పోయారు, ఎవరి ఇంటివాళ్ళు వెతుకుతున్నారు, అన్నీ కార్డుల మీద రాశారు. 70 లక్షల కార్డులు. ఇప్పుడవి ఇంటర్నెట్లో ఉన్నాయి. పిల్లలను జంటలుగా కూర్చోబెట్టి ఒక్కో పేరు వెతికించా. ఒక కార్డు మీద మనిషి పేరు, దళం, ఇంటివాళ్ళు వాకబు చేసిన తేదీ, అంతే ఉంది. మళ్ళీ ఏమీ లేదు. తర్వాత ఏమైంది టీచర్ అని వాళ్ళే అడిగారు. తెలియదు అన్నా. ఆ పీరియడ్ అంతా దాని మీదే గడిచింది. నేను పాఠం చెప్పాల్సిన పని పడలేదు.

అలాగే యూరప్‌లో వీధుల్లో పాతే ఇత్తడి పలకలు. గుంటర్ డెమ్నిగ్ అనే కళాకారుడు 1992లో మొదలుపెట్టాడు. నాజీలు చంపినవాళ్ళు తమ ఇష్టంతో ఉన్న ఆఖరి ఇంటి ముందు పేవ్‌మెంట్‌లో పది సెంటీమీటర్ల పలక. ఇక్కడ నివసించారు, పేరు, పుట్టిన ఏడు, ఎక్కడికి తీసుకెళ్ళారు, ఎప్పుడు పోయారు. ఒక పలకకు ఒకే మనిషి. 2023 నాటికి లక్ష దాటాయి.

అనుమానపు_పక్షి
వాటి మీద జనం కాళ్ళు పెట్టి నడుస్తారని మ్యూనిక్ నగరం తన వీధుల్లో ఒప్పుకోలేదు. పోయినవాళ్ళను మళ్ళీ తొక్కినట్టవుతుందని అక్కడి యూదు పెద్దల్లోనే కొందరన్నారు. గోడల మీద పలకలు పెట్టుకున్నారు. ఏ పద్ధతికైనా ఎవరో ఒకరు నొచ్చుకుంటారు, ఆ భయంతో సభ మానెయ్యకండి.

వేపచెట్టు
చాలాసేపటి నుంచి చదువుతున్నా. మా నాన్న యుద్ధం నుంచి తిరిగొచ్చినవాడు. సైన్యంలో అంబులెన్స్ డ్రైవరు. ఏటా ఎవరో ఒకరు వచ్చి సభకు రమ్మనేవాళ్ళు, శాలువా కప్పుతామని. వెళ్ళేవాడు కాదు. ఎందుకు నాన్నా అంటే "వాళ్ళకు నేనేం చూశానో అక్కర్లేదమ్మా, వాళ్ళకు కావల్సింది నా నోటితో చెప్పించుకుంటారు" అనేవాడు.

ఆయన పట్టుబట్టి చేసింది ఒకటే. తన పక్కనే పోయిన స్నేహితుడి భార్యకు రావలసిన పెన్షన్ ఏదో స్పెల్లింగ్ తేడా వల్ల ఆగిపోయింది. భర్త పేరు ఒక కాగితంలో ఒకలా, ఇంకో కాగితంలో ఇంకోలా ఉంది. ఆ ఆఫీసు చుట్టూ ఏళ్ళ తరబడి తిరిగాడు. అదే ఆఫీసు పెద్దలు ఏటా వేదిక మీద దండలేసేవాళ్ళు. పెన్షన్ వచ్చేసరికి ఆమె అరవై దాటింది. మా నాన్న దృష్టిలో సంస్మరణ అంటే ఆ ఫైలు కదలడమే.

కాగితం_పడవ
వేపచెట్టు గారూ, దీన్ని సభలో చెప్తారా? మీరు రాలేకపోతే నేను చదువుతా, ఊరూ పేరూ లేకుండా.

వేపచెట్టు
చదవండి. వీరుడు అనే మాట మాత్రం ఎక్కడా పెట్టకండి.

సిపాయి_మనవడు
పైన నేను గట్టిగా మాట్లాడింది ఇందుకేనండీ. పేరు రాయి మీద ఉండడం వేరు, కాగితంలో ఉండడం వేరు, రెండూ కావాలి.

చరిత్ర_పిచ్చోడు
పేర్లు కాగితంలోకి ఎక్కకపోవడం గురించే 2021లో పెద్ద నివేదిక వచ్చింది. కామన్వెల్త్ యుద్ధ సమాధుల సంఘం 1917లో పుట్టినప్పుడు పెట్టుకున్న నియమం గొప్పది. జనరల్‌కైనా సిపాయికైనా ఒకే కొలత రాయి. ఆ సంఘమే నియమించిన కమిటీ వందేళ్ళ తర్వాత తేల్చిందేమిటంటే, ఆఫ్రికా, ఆసియా వాళ్ళ విషయంలో ఆ నియమం పాటించలేదని. మొదటి ప్రపంచ యుద్ధంలో పోయిన 45,000 నుంచి 54,000 మందిని మిగతావాళ్ళతో సమానంగా స్మరించలేదు. అవి కాక కనీసం 1,16,000 మందికి, బహుశా 3,50,000 దాకా, పేరే లేదు, కొందరికి ఏ గుర్తూ లేదు. తూర్పు ఆఫ్రికాలో సైన్యం సామాన్లు మోసిన కూలీలే వీళ్ళలో ఎక్కువ. సంఘం బహిరంగంగా క్షమాపణ చెప్పింది.

రాత్రి_డ్యూటీ
హిరోషిమాలోనూ ఇదే కథ కదా. బాంబుకు చనిపోయిన కొరియన్ల స్మారకం 1970లో కట్టారు, శాంతి పార్కు బయట. లోపలికి రావడానికి 1999 దాకా పట్టింది. శాంతి పార్కుకు కూడా గేటు ఉంటుంది మరి.

ఎర్రమట్టి
అంతా చదివాక ఒక చేదు ప్రశ్న. ఈ గోడలు, పలకలు, శాంతి దినాల వల్ల ఏ యుద్ధమైనా ఆగిందా? 1914 క్రిస్మస్‌కు రెండు వైపుల సైనికులు కందకాల్లోంచి బయటికొచ్చి సిగరెట్లు ఇచ్చిపుచ్చుకున్నారు, పాటలు పాడుకున్నారు. తర్వాత నాలుగేళ్ళు కాల్చుకున్నారు. మరుసటి క్రిస్మస్‌కు అలాంటిది జరగనివ్వకండని పైనుంచి ఆర్డర్లు కూడా వచ్చాయి.

అనుమానపు_పక్షి
ఆగలేదు. మంచి ప్రశ్న.

రాత్రి_డ్యూటీ
యుద్ధం ఆగలేదు, నిజమే. కొన్ని ఆయుధాలు ఆగాయి. మందుపాతరల మీద నిషేధ ఒప్పందం 1997లో వచ్చింది. కాళ్ళు పోగొట్టుకున్నవాళ్ళు సమావేశాల హాళ్ళ ముందు కూర్చుని, దౌత్యవేత్తలకు ఎదురుపడి సాధించుకున్నది అది. 160కి పైగా దేశాలు చేరాయి, గోదాముల్లో ఉన్న 5 కోట్లకు పైగా మందుపాతరలు ధ్వంసం చేశారు. ఆ 5 కోట్లు భూమిలో ఉంటే మా లాంటి నర్సుల పని ఎలా ఉండేదో ఊహించుకోండి.

ఎర్రమట్టి
అదే ఒప్పందంలోంచి బయటికి పోతామని 2025లో ఫిన్లాండ్, పోలండ్, మూడు బాల్టిక్ దేశాలు చెప్పేశాయి. పక్కన రష్యా ఉంది, భయం.

రాత్రి_డ్యూటీ
తెలుసు. వాళ్ళ భయం అబద్ధమని కూడా అనను. ఆ మందుపాతరలు రష్యా సైనికుణ్ణి మాత్రమే గుర్తుపట్టి పేలతాయా అన్నదే నా ప్రశ్న.

లెక్కల_టీచరమ్మ
నిహోన్ హిదాన్‌క్యో వాళ్ళను మర్చిపోవద్దు. అణుబాంబు దాడుల నుంచి బతికి బయటపడ్డవాళ్ళు 1956లో పెట్టుకున్న సంఘం. నోబెల్ శాంతి బహుమతి 2024లో వచ్చింది. ఆ రెండు తేదీల మధ్య కాలమంతా వాళ్ళు చేసింది ఏమిటంటే, కాలిన ఒంటితో, సంబంధాలు కుదరని బతుకుతో, దేశదేశాలూ తిరిగి జరిగింది జరిగినట్టు చెప్పడం. ఎర్రమట్టి గారి లెక్కలో అది ఫెయిలే, అణ్వాయుధాలు పోలేదు కాబట్టి. 1945 తర్వాత యుద్ధంలో మళ్ళీ ఒక్కటి వాడలేదన్నది కూడా లెక్కలో వేసుకోవాలి కదా.

అనుమానపు_పక్షి
అది బాధితుల మాటల వల్లనా, ఎదుటివాడి దగ్గరా బాంబు ఉందన్న భయం వల్లనా?

లెక్కల_టీచరమ్మ
రెండూ అయ్యుండొచ్చు. భయాన్ని ప్రచారం చేసేవాళ్ళకు జీతాలొస్తాయి, బాధితుల మాట వినిపించడానికి ఎవరో ఒకరు ఊరికే పని చెయ్యాలి.

మొండిఘటం
ఉక్రెయిన్, గాజా గురించి ఒక్కరూ మాట్లాడరేం? పాత యుద్ధాలకే ఏడుస్తారా అందరూ? ఇప్పుడు చస్తున్నవాళ్ళకు వందేళ్ళు ఆగమనా?

ఎర్రమట్టి
అదిగో, వచ్చింది.

నిర్వాహకుడు
ఏ పక్షం ఒప్పు అనే వాదన ఈ థ్రెడ్‌లో వద్దు. దానికి వేరే థ్రెడ్లు రెండు తగలబడుతూనే ఉన్నాయి. ఇప్పుడు జరుగుతున్న యుద్ధాల మృతులను సభలో ఎలా స్మరించాలి అనేది మాత్రం ఇక్కడి విషయమే, దాని మీద రాయండి. రెండు పోస్టులు తీసేశాను.

సిపాయి_మనవడు
మొండిఘటం అన్నదాంట్లో న్యాయం ఉంది. పోయినవాళ్ళు పాతబడితేనే అందరికీ చుట్టాలవుతారు. నిన్న పోయినవాళ్ళు ఇంకా ఏదో ఒక పార్టీ వాళ్ళే.

కాగితం_పడవ
పిల్లల పేర్లు మాత్రమే చదివితే? ఏ యుద్ధమైనా, ఏ దేశమైనా. ఎవరూ కాదనలేరు కదా.

వేపచెట్టు
ఎవరూ కాదనలేరనే కారణంతో ఎంచుకోవడం నాకు నచ్చలేదు. పిల్లలు అమాయకులు అని చెప్పుకుంటూ పోతే వాళ్ళ నాన్నలు చావడం సబబే అన్నట్టు అవుతుంది. అంబులెన్స్‌లో మా నాన్న ఎక్కించుకున్నవాళ్ళలో పిల్లలు తక్కువ, మీసాలున్నవాళ్ళే ఎక్కువ.

రాత్రి_డ్యూటీ
సరిగ్గా చెప్పారు. బోస్నియాలోని స్రెబ్రెనిత్సాలో 1995 జులైలో చంపిన 8,000 మందికి పైగా దాదాపు అంతా మగవాళ్ళు, కుర్రాళ్ళే. చంపి పూడ్చినవాళ్ళు తర్వాత యంత్రాలతో తవ్వి శవాలను వేరే చోట్లకు తరలించారు, సాక్ష్యం దొరకకుండా. ఒకే మనిషి ఎముకలు రెండు మూడు గోతుల్లో దొరికాయి. డీఎన్ఏ పరీక్షతో ఒక్కొక్కరినీ జతచేసుకుంటూ వచ్చారు. కొడుకువి నాలుగు ఎముకలే దొరికినప్పుడు ఇప్పుడే ఖననం చెయ్యాలా, ఇంకొన్ని దొరికేదాకా ఆగాలా అని తల్లి నిర్ణయించుకోవాలి. ఏటా జులై 11న, ఆ ఏడాది గుర్తుపట్టినవాళ్ళను పక్కనే ఉన్న పొటొచారి శ్మశానంలో ఖననం చేస్తారు. ఇంకా దొరకనివాళ్ళున్నారు. 2024లో ఐక్యరాజ్యసమితి ఆ రోజును అంతర్జాతీయ సంస్మరణ దినం చేసింది, దానికి వ్యతిరేకంగా ఓటేసిన దేశాలూ ఉన్నాయి.

చరిత్ర_పిచ్చోడు
పోస్టర్ మీద అంకె వేద్దామనుకుంటే ఒక హెచ్చరిక. జర్మనీలోని డ్రెస్డెన్ నగరం మీద 1945 ఫిబ్రవరిలో బ్రిటిష్, అమెరికన్ విమానాలు బాంబులేశాయి. నాజీ ప్రచారశాఖ వెంటనే మృతుల సంఖ్యకు ఒక సున్నా కలిపి లోకమంతా చాటింది. ఆ దొంగలెక్క దశాబ్దాలు నడిచింది. చరిత్రకారుల కమిటీ 2010లో 25,000 దాకా అని తేల్చింది. అయినా కొత్త నాజీలు ఏటా ఫిబ్రవరి 13న ఆ మృతుల పేరు చెప్పి ఊరేగింపు తీస్తారు, మేమే అసలు బాధితులం అని. అందుకని ఊరి జనం చేతులు పట్టుకుని మానవహారం కడుతున్నారు. మా శవాలతో మీరు రాజకీయం చెయ్యొద్దని.

అదే ఊళ్ళో కూలిపోయిన చర్చిని తిరిగి కట్టి 2005లో తెరిచారు. గోపురం మీది బంగారు శిలువ బ్రిటన్‌లో తయారైంది. చేసిన కంసాలి తండ్రి ఆ రాత్రి బాంబులు వేసిన విమాన చోదకుల్లో ఒకడు.

మొండిఘటం
ఇది బాగుంది. గాజా సంగతి మాత్రం నేను వదలను.

నిర్వాహకుడు
వేరే థ్రెడ్.

కాగితం_పడవ
కమిటీతో మాట్లాడా. ప్రస్తుతానికి అనుకున్నది ఇదీ. ముఖ్య అతిథి లేరు, వేదిక లేదు, అందరూ గుండ్రంగా కూర్చుంటారు. ముప్ఫై పేర్లు. అక్షర క్రమంలో, దేశం పేరుతో మొదలుపెట్టకుండా. ప్రతి పేరుకు వయసు, అనుమానపు_పక్షి గారన్న ఒక వాక్యం. సైనికులు, మామూలు జనం, కూలీలు, నర్సులు కలిసే ఉంటారు. పేరు దొరకని చోట, అంటే బెంగాల్ కరువు, తూర్పు ఆఫ్రికా కూలీలు, పేరు రాసుకోలేదు అని చదువుతాం. మధ్యలో వేపచెట్టు గారి ఫైలు కథ. ఇప్పుడు జరుగుతున్న యుద్ధాల నుంచి కూడా ఆరు పేర్లు ఉంటాయి, రెండు వైపులవీ. ఈ ఆరింటి దగ్గరే ఇంకా గొడవ. లేచి వెళ్ళిపోతానన్నాయన మాట మార్చలేదు.

సిపాయి_మనవడు
వెళ్ళనివ్వండి. తలుపు తీసి పెట్టండి, ఆయన వెనకే గట్టిగా వెయ్యకండి. నా అభ్యంతరం ఒకటి అలాగే ఉంది, సైనికుల పేరు ముందు దళం పేరు చెప్పాలి. అది హోదా కిందికి రాదు, వాళ్ళ అడ్రస్ అది.

అనుమానపు_పక్షి
దళం చెప్తే దేశం చెప్పినట్టే. మొదలుపెట్టిన పద్ధతి పోతుంది.

సిపాయి_మనవడు
పోతే పోనివ్వండి. దళం లేకుండా మా తాతగారి అన్న పేరున్నవాళ్ళు ఆ స్తంభాల మీదే ఎంతమందో ఉన్నారు.

లెక్కల_టీచరమ్మ
పేరు మొదట, వాక్యంలో దళం. అయిపోయింది, కొట్టుకోకండి. ఇంకో ముఖ్యమైన సంగతి, చదివేవాళ్ళకు ముందు రోజే కాగితం ఇచ్చి రెండుసార్లు చదివించండి. పోయినవాడి పేరు తడబడుతూ చదివి నవ్వేస్తే అంతా పాడవుతుంది. వియత్నాం, జపాన్, కొరియా పేర్లలో మన లాగే ఇంటిపేరు ముందొస్తుంది, తిరగేసి చదవకండి. బోస్నియా పేర్ల ఉచ్చారణ ఎవరికైనా వచ్చా?

రాత్రి_డ్యూటీ
నాతో పనిచేసిన డాక్టరమ్మ ఒకావిడ అక్కడివాళ్ళే. ఫైలు పంపండి, ఆదివారం లోపు ఆవిడ చేత చదివించి రికార్డింగ్ పెడతా. అరబ్బీ, ఉక్రెయిన్ పేర్లకు మీరే ఎవరినైనా చూసుకోవాలి.

మొండిఘటం
అరబ్బీ నేను చూస్తా. గల్ఫ్‌లో పదేళ్ళున్నా.

కాగితం_పడవ
ఇద్దరికీ పంపించా. మెసేజ్‌లు చూసుకోండి.